జగ్గన్నతోట ప్రభలు, పండగ రేటు గది

కనుమకు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లదలిచినవారికి ముందుగా ఒక మాట. అమలాపురంలో ఫోను మీద చెప్పిన గది అద్దె నమ్మకండి. మాకు 1,800 రూపాయలు అన్నారు. సామాను పైకి చేర్చాక అది 3,500 అయింది. అదేమిటని అడిగితే గుమాస్తా తల ఎత్తకుండానే "పండగ రేటండీ" అన్నాడు. రసీదు ఇవ్వలేదు. వేడినీళ్లకు బకెట్‌కు 40 వేరు. దుప్పటి మార్చమంటే చాకలి పండక్కి ఊరెళ్లాడట. రాత్రి రెండింటిదాకా కింద జనరేటర్ మోగుతూనే ఉంది. మా బావమరిది గొడవకు దిగబోతే, పండగపూట తగవెందుకని అత్తగారు ఆపారు కానీ, పొద్దున్న ఆవిడా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ మౌనం గంగలకుర్రు అనే ఊళ్లో వీడింది. అది సంక్రాంతి రోజు, మర్నాడే తీర్థం. అక్కడ ఒక పందిరిలో ప్రభ, అంటే స్వామిని ఊరేగించే ఎత్తైన అలంకారపు చట్రం, కడుతున్నారు. కింద తాటి దుంగలు, వాటి మీద వెదురు బద్దలను వంచి కట్టిన చట్రం, దాని మీద రంగు వస్త్రం, ఆపైన ఉన్ని దారాల అల్లిక. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు సెలవు పెట్టి వచ్చి, నేల మీద కూర్చుని దారం చుడుతున్నారు. వాళ్లకు పని పురమాయించేది కొబ్బరి దింపు తీసే ఒక పెద్దాయన. పైవరుసలో ఎరుపు పక్కన పసుపు రావలసినచోట ఆకుపచ్చ పడిందని, కట్టినదంతా విప్పించారు. అంత ఎత్తున ఎవరికి కనిపిస్తుందని మా బావమరిది అన్నాడు.

"స్వామికి కనిపిస్తుంది కదండీ" అన్నారాయన.

రోజుకు కూలి ఎంత ఇస్తారని కూడా అడిగాడు మావాడు. పందిరిలో అందరూ నవ్వారు. కాసేపటికి అత్తగారు కూడా దారపు ఉండ అందుకున్నారు. ఎవరో మాకు పులిహోర పెట్టారు, డబ్బు తీసుకోలేదు. ఈ అలంకారమంతా తీర్థం కాగానే విప్పేస్తారు, మళ్లీ ఏడాది కొత్తగా కడతారు. గుళ్లో గంటసేపు కళ్లు మూసుకునే నాకు, దారం ముడి వేసే ఆ చేతులే ఎక్కువ పూజ చేస్తున్నట్టు అనిపించింది.

కనుమనాడు ఆటోకు 600 ఇచ్చాం. తోటకు చాలా దూరంలోనే దింపేసి వెనక్కి తిరిగాడు. మొసలపల్లి దగ్గరి ఈ కొబ్బరితోటలో గుడి అంటూ ఏమీ లేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులే, అంటే పదకొండు ఊళ్ల శివులే, ప్రభల మీద ఇక్కడికి వచ్చి కొలువుదీరతారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక ఏటిలోకి దిగి దాటించడం చూసి తీరాలి. "అశ్శరభ శరభ" అని కేకలు వేస్తూ నీళ్లలో అంత బరువూ ఒరగకుండా నిలబెడతారు. దారిలో వరిచేలు వస్తే చేల మీదుగానే నడుస్తారు. తొక్కిన చేను గలవాడు అది స్వామి అనుగ్రహమని సంతోషిస్తాడు. వ్యాఘ్రేశ్వరం ప్రభ రాగానే తక్కిన ప్రభలను ఒక్కసారి పైకి లేపి గౌరవిస్తారు. మోకాళ్ల నొప్పి అని తెల్లారినప్పటి నుంచి అంటున్న అత్తగారు, మునివేళ్ల మీద నిలబడి, తాము దారం అందించిన ప్రభ ఏదో వెతుక్కున్నారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. టీవీలో చూసి ఇదేనా అనుకున్నవారు ఒక్కసారి ఆ జనంలో నిలబడాలి.

తిరుగుదారిలో ర్యాలి గుడి దగ్గర ఆగాం. ఒకే రాతి విగ్రహంలో ముందు కేశవస్వామి, వెనక మోహిని. పూజారి దీపం వెనక్కి తిప్పి కొప్పు ముడి, పిక్క మీది పుట్టుమచ్చ చూపించారు. తొందరపెట్టలేదు, దక్షిణ అడగలేదు. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె 350, నెయ్యి తగ్గించారని మా ఆవిడ తీర్పు.

నా సలహా అడిగితే, బస రాజమండ్రిలోనో రావులపాలెంలోనో చూసుకోండి. తీర్థం ఒక్కటే చూసి పరుగెత్తకుండా, ముందురోజు ఏదో ఒక ఊరి పందిరిలో పూట గడపండి. కనుమనాడు మధ్యాహ్నానికే చేరండి, తాగేనీళ్లు వెంట తీసుకెళ్లండి, చేల గట్ల మీద జారని చెప్పులు వేసుకోండి. మరుగుదొడ్డి సంగతి మాత్రం దారిలో అంబాజీపేటలోనే చూసుకోవడం మంచిది, ముఖ్యంగా ఆడవాళ్లు వెంట ఉంటే.