21 అడుగుల దగ్గర ఆగిపోయిన చక్రాల ఇల్లు

మేము అద్దెకు తీసుకున్న ఆర్‌వీ, అంటే వంటగది, పడకలు, బాత్‌రూము ఉన్న చక్రాల ఇల్లు, పొడవు 25 అడుగులు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఉన్న గ్లేసియర్ నేషనల్ పార్కును పడమటి నుంచి తూర్పుకు దాటే గోయింగ్ టు ది సన్ రోడ్డు మీద, అవలాంచ్ అనే చోటు దాటాక మొదలయ్యే కొండ భాగంలోకి 21 అడుగులకు మించిన బండిని పోనివ్వరు. వెడల్పు కూడా పక్క అద్దాలతో కలిపి 8 అడుగులు దాటకూడదు. బండికి బయానా కట్టిన తరువాత గాని నాకు ఈ సంగతి తెలియలేదు. ఏ దారి కోసం అంత దూరం వెళ్తున్నామో ఆ దారిలోకే మా ఇల్లు రాదన్నమాట.

ఇది 2019 జులై నాటి మాట. అప్పుడు అమ్మ, నాన్న సియాటిల్‌లో మా దగ్గర ఉన్నారు. పిల్లలతో కలిపి ఆరుగురం. అమ్మకు మోకాళ్ల నొప్పి, దారిలో గంటకోసారి బాత్‌రూము కావాలి. ఆర్‌వీ ఆలోచన అక్కడే పుట్టింది. ఆ లెక్కలో మాత్రం నేను తప్పలేదు. సుమారు 550 మైళ్ల దారిలో ఆవిడ ఒక్కసారి కూడా ఇబ్బంది పడలేదు. ఆకలేసిన చోట ఆపి అన్నం వండుకున్నాం. హోటల్ గదుల్లో పొయ్యి వెతుక్కునే బాధ తప్పింది.

ఖర్చు సంగతి చెప్పాలి. మా అద్దెలో రోజుకు 100 మైళ్లే కలిసి ఉన్నాయి, ఆపైన మైలుకు 35 సెంట్లు. వారంలో 1,400 మైళ్లు తిరిగాం. అంటే 700 మైళ్లకు అదనంగా 245 డాలర్లు. గ్యాలన్‌కు తొమ్మిది మైళ్లకు మించి రాలేదు కాబట్టి పెట్రోలు ఖర్చు వేరే కథ. బండి అప్పగించేటప్పుడు ఆ కుర్రవాడు పది నిమిషాల్లో అన్నీ చూపించేసి వెళ్లిపోయాడు. మురుగు ట్యాంకు గొట్టం అంచు చీలి ఉందని మొదటిసారి ఖాళీ చేసేటప్పుడు నా బూట్లకు తెలిసింది. మీరు వెళ్లేటప్పుడు ఆ గొట్టాన్ని అక్కడే విప్పించి చూడండి, మొహమాటపడకండి.

మొదటి మూడు రాత్రులు ఫిష్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌లో, అంటే బండ్లు, గుడారాలు నిలుపుకునే విడిదిలో. మెక్‌డొనాల్డ్ సరస్సు పక్కన, దేవదారు చెట్ల నీడలో ఉంటుంది. ఆరు నెలల ముందే బుక్ చేసుకోవాలి, అప్పట్లో రాత్రికి 23 డాలర్లు. 178 చోట్లు ఉన్నాయి గాని పెద్ద బండి పట్టేవి తక్కువ. బుక్ చేసేటప్పుడు ఖాళీ ఉందా అని కాదు, ఆ చోటు పొడవెంత అని చూడాలి. పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కడా కరెంటు, నీటి కనెక్షన్ ఉండవు. జనరేటరుకు పగటిపూట కొన్ని గంటలే అనుమతి. దాంతో మా ఇంట్లో కొబ్బరి పచ్చడి వేళ మారిపోయింది. మిక్సీ తిప్పాలంటే అమ్మ గడియారం చూసేది. రెండో రోజుకు ఆవిడే విసుగొచ్చి కందిపొడి, ఆవకాయతో సరిపెట్టేసింది. నిజానికి ఇలాంటి ప్రయాణానికి పొడులు, పచ్చళ్లు, చింతపండు పులుసు కాచి పెట్టుకున్న పులిహోర, ఇవే సరైన సరుకు.

తిన్న గిన్నె బల్ల మీద ఐదు నిమిషాలు వదిలినా రేంజర్ వచ్చి చెబుతారు. ఎలుగుబంట్ల భయం. తిండి, గిన్నెలు, చెత్త అన్నీ గట్టి గోడలున్న బండిలో పెట్టి తాళం వేయాలి. ఈ విషయంలో మాత్రం గుడారం వేసుకున్నవారికన్నా మేమే నయం. ఇంగువ పోపు వాసనకు ఎలుగు వస్తుందా అని మా చిన్నవాడు అడిగితే రేంజర్ నవ్వలేదు, కిటికీలు మూసుకోమంది.

సరస్సు ఒడ్డున ఎరుపు, ఆకుపచ్చ రాళ్లు నీటి అడుగున మెరుస్తాయి. ఫొటోల్లో చూసి రంగులు దిద్దారనుకున్నాను, దిద్దలేదు. సరస్సు వాయవ్యపు గట్టున 2018 ఆగస్టులో పిడుగు పడి రేగిన హౌ రిడ్జ్ మంట మిగిల్చిన మాడిన మాన్లు నిలబడి ఉన్నాయి.

ఇక ఆ రోడ్డు. బండిని ఆప్గార్ సందర్శక కేంద్రం దగ్గర వదిలి, పార్కువారి ఉచిత షటిల్ బస్సు ఎక్కాం. ఉదయం ఏడుకే వరుసలో నిలబడ్డాం. కార్లలో వచ్చినవారికి రోడ్డు కొండను దాటే లోగన్ పాస్ కనుమ దగ్గర ఎనిమిదిన్నరకే బండి పెట్టే చోటు దొరకదు, కాబట్టి బస్సు చిన్నతనం కాదు. 1932లో పూర్తయిన ఈ రోడ్డు సుమారు 50 మైళ్లు. మొదట 15 మెలికలతో కొండ ఎక్కించాలనుకున్నారట. చివరికి ఒక్క మెలికతో, మిగతా అంతా కొండను చెక్కుకుంటూ పైకి తీసుకెళ్లారు. తిరుమల ఘాట్ రోడ్డులో మలుపుకో దణ్ణం పెట్టే నాన్న ఇక్కడ అలవాటుగా చేతులు జోడించి, తరువాత దించడం మరిచిపోయారు. ఒక పక్క రాతి గోడ నుంచి నీళ్లు బస్సు కప్పు మీద పడుతున్నాయి, రెండో పక్క చూడకపోవడమే మంచిది. ఆ రెండో పక్కనే 25 అడుగుల బండి నడపాల్సి వస్తే నేనేం చేసేవాడినో! ఆ నియమం పెట్టినవారికి అప్పుడు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

పైన 6,646 అడుగుల ఎత్తులో జులైలోనూ మంచు. హిడెన్ లేక్ కనిపించే చోటికి నడక రానుపోను మూడు మైళ్ల లోపే. నేను, పిల్లలు వెళ్లాం. కొండమేకలు మాకు దారి ఇవ్వలేదు, మేమే ఇచ్చాం. దిగేటప్పుడు షటిల్ కోసం గంటకు పైగా ఎండలో నిలబడ్డాం. పెద్దవాళ్లుంటే ఇది పెద్ద లోటే.

నాలుగో రోజు తూర్పు వైపుకు మారాలి. చిన్న బండి ఆ రోడ్డు మీదే దాటేస్తుంది. మేము రెండో నంబరు హైవే మీద మరియాస్ పాస్, బ్రౌనింగ్ మీదుగా దాదాపు 100 మైళ్లు చుట్టు తిరిగి సెయింట్ మేరీ చేరాం. విసుగు పుట్టలేదు. పక్కనే రైలు పట్టాలు, మైలు పొడవున సాగే గూడ్సు రైళ్లు, గోట్ లిక్ దగ్గర ఉప్పు కోసం మట్టి నాకే మేకలు. మధ్యలో ఒక రాత్రి పార్కు బయట, కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్ అన్నీ ఉన్న ప్రైవేటు చోట ఆగాం. ధర మూడింతలు, పక్క బండితో కిటికీకి కిటికీ. కాని ఆ రాత్రి అందరం వేడి నీళ్ల స్నానం చేశాం, మిక్సీ గంటసేపు తిరిగింది.

సెయింట్ మేరీ క్యాంప్‌గ్రౌండ్ చూడటానికి బోడి మైదానం. గాలికి బండి రాత్రంతా ఊయలలా ఊగింది, అమ్మ నిద్రపోలేదు. అందానికి ఫిష్ క్రీక్‌కే నా ఓటు. కాని తూర్పు వైపు దక్కినది మరొకటి ఉంది. అక్కడి ఆదివాసులైన బ్లాక్‌ఫీట్ తెగవారు నడిపే బస్సు పర్యటన తీసుకున్నాం. ఏ కొండను తమవాళ్లు ఏమని పిలుస్తారో, ఏ మొక్క దేనికి వాడతారో చెబుతూ తీసుకెళ్లారు. జాక్సన్ హిమానీనదం దూరం నుంచి చూపించారు. 1850 ప్రాంతంలో ఇక్కడ 150 దాకా ఉన్న హిమానీనదాలు 2015 నాటికి 26 మిగిలాయని విని మా పెద్దది చాలాసేపు మాట్లాడలేదు. ఉచిత షటిల్ కన్నా దీనికి డబ్బు పెట్టడమే మేలని ఇంట్లో అందరి మాట, ముఖ్యంగా కూర్చుని చూసిన అమ్మది.

అక్కడి నుంచి మెనీ గ్లేసియర్ దగ్గరే. 1915 నాటి చెక్క హోటల్ ఎదుట సరస్సు చూస్తూ హకిల్‌బెర్రీ ఐస్‌క్రీం తిన్నాం. నేరేడుపండును గుర్తు చేసే పులుపు. బండి పెట్టడానికి చోటు కోసం మూడు చుట్లు తిరిగాం.

ఆ తరువాతి సంవత్సరాల్లో ఆ రోడ్డుకు ముందస్తు అనుమతులు వచ్చాయి, షటిల్ ఏర్పాట్లూ మారుతున్నాయి. కాబట్టి వెళ్లే ఏడాది నియమాలు పార్కు సైటులోనే చూసుకోండి. నేను మళ్లీ వెళ్లాలని 19 అడుగుల వ్యాన్ ఒకటి చూసి పెట్టాను. కొండ ఎక్కనిస్తారు. అందులో నలుగురికే పడక. మిగతా ఇద్దరి సంగతి ఏమిటని ఫోనులో అడిగితే, నేనూ మీ అమ్మా ఆ తెగవాళ్ల బస్సులో వస్తాం, మీరు ముందు పదండి అన్నారు నాన్న.