పాటకు వెనకబడని లినక్స్: నాలుగేళ్ల వాడకం తరువాత

లినక్స్ ఆపరేటింగ్ సిస్టం మీద నడిచే లాప్‌టాప్‌తో సంగీతం రికార్డు చేయడం మొదలుపెట్టిన మొదటి వారంలోనే మా వయొలిన్ మాష్టారు నాలుగు కమానులు లాగి, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేశారు. “బాబూ, నా వెనక ఇంకొకరు కూర్చుని నేను వాయించిందే వాయిస్తున్నట్టుంది. ఇలాగైతే నా వల్ల కాదు” అన్నారు.

ఆయన చెవి చెప్పింది అక్షరాలా నిజం. అప్పటికి నా లాప్‌టాప్‌లో బఫర్, అంటే శబ్దాన్ని కొంత పోగేసి ఒక్కసారిగా అందించే మెమరీ, 1024 ఫ్రేములు ఉంది. సెకనుకు 48,000 ఫ్రేముల (శబ్ద నమూనాల) చొప్పున ఆ ఒక్క బఫర్ నిండడానికే 21 మిల్లీసెకన్లు దాటుతుంది. లోపలికి ఒక బఫర్, బయటికి రెండు కలిపితే 64. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు దాదాపు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, గడ్డం కింద ఉన్న వయొలిన్ ఆయనకు ఇరవై మీటర్ల అవతలి నుంచి వినిపించిందన్నమాట. 1919లో సంగీత కళాశాల వెలసి, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన మా విజయనగరంలో ఆ ఆలస్యాన్ని పట్టుకోని విద్వాంసుడు ఉండరు.

అది 2021 చివరి సంగతి. అప్పటి నుంచి ఇంటి వెనక గదిలో పాట, వయొలిన్, బొబ్బిలి వీణ ఇదే లాప్‌టాప్ మీద రికార్డు చేస్తున్నాను. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, రెండు మైకులు తగిలించుకునే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్. లినక్స్‌లో ఒక రకమైన డెబియన్ 11తో మొదలుపెట్టి ఇప్పుడు 13కు వచ్చాను. రికార్డింగుకు ఆర్డర్ (Ardour) అనే ప్రోగ్రాం వాడతాను. ఇంటర్‌ఫేస్‌కు లినక్స్‌లో విడిగా డ్రైవర్ వేయాల్సిన పని రాలేదు, తగిలించగానే పలికింది. లేటెన్సీ, అంటే మాష్టారు పట్టుకున్న ఆ ఆలస్యం, తగ్గించడానికే కష్టపడ్డాను.

ఈ ఆలస్యం తగ్గించే పనిలో తరచూ వినిపించే మాట రియల్‌టైం. అంటే వేగమని నేనూ అనుకున్నాను. అసలు సంగతి గడువు. మృదంగం ఎంత వేగంగా వాయించారన్నది కాదు, ముక్తాయింపు సరిగ్గా ఎత్తుగడ మీద పడిందా లేదా అన్నదే లెక్క. బఫర్‌ను 128 ఫ్రేములకు దించితే కంప్యూటర్ సెకనుకు 375 సార్లు శబ్దాన్ని సిద్ధం చేసి అందించాలి. గంట రికార్డింగులో పదమూడు లక్షల యాభై వేల గడువులు. అందులో ఒక్కటి తప్పినా హెడ్‌ఫోన్‌లో ‘టక్’ మంటుంది, రికార్డులోనూ పడుతుంది. దీన్నే ఎక్స్‌రన్ అంటారు. సగటున కంప్యూటర్ ఎంత చురుకైనదో చూసి ప్రయోజనం లేదు. దాని అతి చెడ్డ క్షణం ఎంత చెడ్డదో చూడాలి.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది రెండు వరుసల మార్పు. ఎవరు ఏ మేరకు కంప్యూటర్‌ను వాడుకోవచ్చో చెప్పే లిమిట్స్ ఫైలులో ఆడియో అనే వాడుకరుల గుంపుకు ఆర్‌టీప్రయో 95, మెమ్‌లాక్ అన్‌లిమిటెడ్ అని రాసి, నన్ను ఆ గుంపులో చేర్చుకున్నాను. మొదటిది ఆడియో పనిని మిగతా పనుల కంటే ముందు వరుసలో నిలబెట్టే అనుమతి. రెండోది ఆడియో వాడే మెమరీని డిస్కు మీదికి నెట్టేయకుండా పట్టి ఉంచుతుంది. ఆ మెమరీ ఒక్కసారి డిస్కు మీదికి పోయిందా, తిరిగి తెచ్చుకునేలోపు గడువులు వరుసగా దాటిపోతాయి. ఇంత చేసినా రెండు రోజులు ఏ తేడా కనిపించలేదు. గుంపులో చేరిన సంగతి కొత్తగా లాగిన్ అయితేనే వర్తిస్తుందని అప్పుడు నాకు తెలియదు. ఒకసారి లాగౌట్ చేసి వచ్చాక 256 ఫ్రేముల దగ్గర ఒక్క టక్కు లేకుండా గంటన్నర నడిచింది.

అక్కడి నుంచి 128కి దిగడానికి మాత్రం నెల పట్టింది. ఒక్కొక్క దొంగనే పట్టుకోవాల్సి వచ్చింది. మొదటి దొంగ వైఫై. చుట్టుపక్కల నెట్‌వర్క్‌ల కోసం అది వెతికినప్పుడల్లా ఒక టక్కు. రికార్డింగుకు కూర్చునే ముందు వైఫై ఆపేయడం ఇప్పుడు శ్రుతి చేసుకున్నంత అలవాటు. రెండోది యూఎస్‌బీ పోర్టు. కుడివైపు పోర్టు, వెబ్‌కెమెరా ఒకే హబ్ మీద ఉన్నాయని ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశానికి ‘-టి’ కలిపి చూస్తే చెట్టు కొమ్మల్లా తేటగా కనిపించింది. ఇంటర్‌ఫేస్‌ను ఎడమవైపుకు మార్చాను, అంతే. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ బూట్ వరుసలో ‘థ్రెడ్‌ఐఆర్‌క్యూస్’ అన్న మాట చేర్చడం కూడా బాగా పనికొచ్చింది. దానితో పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే అంతరాయాలను (ఇంటరప్ట్‌లను) కూడా ప్రాధాన్య క్రమంలో నిలబెట్టవచ్చు.

మూడో దొంగ కరెంటు. మే నెలలో ఒక సాయంత్రం వీణ నేర్చుకునే అమ్మాయి కల్యాణి ఆలాపన వాయిస్తోంది. మంద్రంలో ఒక గమకం మధ్యలో దీపం ఆరింది. లాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారింది, వీణ ఆగలేదు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. రెండు మూడు సెకన్లకే వరుసగా టక్కులు మొదలయ్యాయి. బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ అనే ప్రోగ్రాం కరెంటు పోగానే ప్రాసెసర్‌ను నెమ్మదించింది. ఆ ఆలాపన పోయింది, అంత చక్కగా ఆమె మళ్లీ వాయించలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది. ఆ రాత్రే టీఎల్‌పీ తీసేసి, రికార్డింగు సమయంలో ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్ ‘పెర్ఫార్మెన్స్’లోనే ఉండేలా చేశాను. మన ఊళ్లలో లాప్‌టాప్ మీద రికార్డు చేసేవారు ముందుగా ఇదే పరీక్షించుకోవాలి. పాట నడుస్తుండగా చార్జర్ పీకి చూడండి.

అయితే పెర్ఫార్మెన్స్‌లో లాప్‌టాప్ వేడెక్కి లోపలి ఫ్యాను గోల చేస్తుంది. సీలింగ్ ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ వాయిస్తున్న గదిలో మైకుకు ఆ గోల ఇంకా బాగా దొరుకుతుంది. అందుకని లాప్‌టాప్‌ను తలుపు అవతల పెట్టి, నాలుగు మీటర్ల యూఎస్‌బీ తీగ లోపలికి లాగాను. యూఎస్‌బీ 2.0 తీగ అయిదు మీటర్లు మించకూడదు కాబట్టి అంతకంటే దూరం పోలేదు. ఇక మా ఊరి పైడితల్లి సిరిమానోత్సవం రోజుల్లో మూడు లాంతర్ల కూడలి వైపు నుంచి వచ్చే మైకుల హోరుకు ఏ కెర్నలూ మందు కాదు. ఆ వారం నేను రికార్డింగే పెట్టుకోను.

రియల్‌టైం కెర్నల్ గురించి చాలామంది అడుగుతారు. కెర్నల్‌ను గడువులకు కట్టుబడేలా చేసే ప్రీఎంప్ట్ ఆర్‌టీ పని దాదాపు ఇరవై ఏళ్లు బయటే నడిచి, 2024 నవంబరులో వచ్చిన 6.12 వెర్షన్‌తో ప్రధాన లినక్స్‌లో కలిసింది. డెబియన్‌లో ఆ కెర్నల్ ప్యాకేజీ విడిగా దొరుకుతుంది. కొన్ని నెలలు వాడాను. 64 ఫ్రేముల దగ్గర తేడా స్పష్టంగా తెలిసింది. మామూలు కెర్నల్ మీద గంటకు ఏడెనిమిది ఎక్స్‌రన్‌లు వచ్చేవి, దీని మీద ఒకటీ అరా. 128 దగ్గర నాకు ఏ తేడా లేదు. అందుకే మామూలు కెర్నల్‌కు తిరిగి వచ్చాను. కొత్తగా మొదలుపెట్టేవారు కెర్నల్ దగ్గర కాదు, లిమిట్స్ ఫైలు దగ్గర మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ప్రోగ్రాములకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య శబ్దాన్ని చేరవేయడానికి మొదట్లో జాక్ (JACK) అనే ప్రోగ్రాం వాడేవాడిని. నమ్మకంగా పనిచేసేది. కానీ ఇంటర్‌ఫేస్ మొత్తం అదే పట్టుకునేది, బ్రౌజర్‌లో ఒక పాత కచేరీ వినాలన్నా జాక్ ఆపాల్సి వచ్చేది. ఇప్పుడు అదే పని చేసే పైప్‌వైర్ ఆ ఇబ్బంది తీర్చింది. ఆర్డర్, బ్రౌజర్, తంబూర శ్రుతి ప్రోగ్రాం అన్నీ ఒకేసారి పలుకుతాయి. ప్రొఫైల్ ‘ప్రో ఆడియో’కు మార్చి, క్వాంటం (పైప్‌వైర్‌లో బఫర్ పరిమాణం) 128 వద్ద బిగించాలి. బిగించకపోతే ప్రోగ్రాములను బట్టి అది మారుతుంటుంది. లాప్‌టాప్ నిద్రలోంచి లేచాక మాత్రం ఒక్కోసారి ఇంటర్‌ఫేస్ తీసి మళ్లీ తగిలించాల్సి వస్తోంది. దీనికి ఇంకా మందు దొరకలేదు.

ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు తీగ కలిపి కొలిస్తే రానుపోను ఆలస్యం ఇప్పుడు 12 మిల్లీసెకన్ల చుట్టూ ఉంది. గాయకులు హెడ్‌ఫోన్‌లో తమ గొంతుకు కాస్త రెవర్బ్ (హాలులో మార్మోగినట్టుండే ఎఫెక్ట్) కలిపి విన్నా ఇబ్బంది పడటం లేదు. ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఏ ఎఫెక్టూ లేకుండా గొంతు వింటూ పాడితే చాలనుకుంటే ఈ శ్రమంతా అక్కర్లేదు. చాలా ఇంటర్‌ఫేసుల మీద మైకు శబ్దాన్ని కంప్యూటర్ దాకా పోనివ్వకుండా నేరుగా వినిపించే డైరెక్ట్ మానిటర్ మీట ఉంటుంది, అది తిప్పుకోండి. కీబోర్డుతో సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు వాయించేవారికి, నాలాగా రెవర్బ్‌తో వినిపించాల్సినవారికి మాత్రం ఇది తప్పదు.

మాష్టారు పోయిన సంక్రాంతికి మళ్లీ వచ్చారు. మోహనలో వర్ణం రెండు కాలాల్లో వాయించారు. హెడ్‌ఫోన్ తీయలేదు. అయిపోయాక ఆలస్యం ఊసే ఎత్తకుండా, “రెండో కాలంలో పై షడ్జం కాస్త తగ్గింది, ఇంకోసారి తీసుకుందాం” అన్నారు. లాప్‌టాప్ మార్చే ఆలోచన నాకు లేదు. బ్యాటరీ మాత్రం వేసవి లోపల కొత్తది వేయించాలి.