ఎన్‌పీటెల్‌లో డీబీఎంఎస్: ఎనిమిది బుధవారాలు

మాది జనగామ. బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి 14 ఏళ్లయింది. పిల్లలిద్దరూ బడికి పోతున్నారు, ఏదైనా ఉద్యోగం చూద్దామని మళ్లీ పుస్తకం పట్టాను. ముందు చేసిన తెలివితక్కువ పని చెప్తాను. పేరెందుకుగానీ, ఒక యాప్‌లో ‘జీవితాంతం చూసుకోవచ్చు’ అంటే ఈఎంఐ పెట్టి 18,000కి కోర్సు కొన్నాను. డబ్బు కట్టేదాకా రోజుకు రెండుసార్లు ‘మేడమ్, ఏమనుకున్నారు’ అని ఫోన్లు. కట్టాక డౌట్ అడిగితే నాలుగో రోజుకు ఒక లింకు వచ్చింది, అంతే. అయినా తప్పంతా వాళ్లదే అనను. ఎప్పుడైనా చూసుకోవచ్చు కదా అని ఈరోజు చుట్టాలు, రేపు పెళ్లి, ఎల్లుండి పిల్లోడికి జ్వరం. ఏడాది తర్వాత తెరిస్తే 11 శాతం దగ్గరే ఉంది.

ఎన్‌పీటెల్ సంగతి మా ఆడపడుచు కొడుకు చెప్పాడు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సులు అవి. వాడిది బీటెక్ మూడో ఏడు, కాలేజీలో క్రెడిట్ల కోసం చేస్తున్నాడు. ఐఐటీ ఖరగ్‌పూర్ తరఫున పార్థప్రతిమ్ దాస్ చెప్పే డీబీఎంఎస్‌లో, అంటే డేటాబేస్‌ల కోర్సులో, ఇద్దరం చేరాం. ఎనిమిది వారాల కోర్సు. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాయాలంటేనే 1,000 రూపాయలు.

నన్ను కూర్చోబెట్టింది పాఠం కాదు, గడువు. వారానికో అసైన్‌మెంట్. బుధవారం రాత్రి 11:59 దాటితే ఇక తీసుకోదు. ఎనిమిదింటిలో బాగా వచ్చిన ఆరే లెక్కలోకి వస్తాయి కాబట్టి ఒకటీ అరా పోయినా ఫర్వాలేదు. నాకు మా మరిది పెళ్లి వారం పోయింది. వీడియోలు అరగంట చొప్పున ఉంటాయి. ఇంగ్లిష్ అలవాటు తప్పినవాళ్లకు మొదట్లో కష్టమే, నేను వేగం తగ్గించి విన్నాను.

ఫంక్షనల్ డిపెండెన్సీలు, అంటే టేబుల్‌లో ఒక వివరం తెలిస్తే ఇంకేది తెలుస్తుందనే లెక్కలు, వచ్చిన వారం ఏడుపొక్కటే తక్కువ. అందరూ పడుకున్నాక వంటింటి గట్టు మీద ఫోన్ ఆనించి, మా పిల్లోడి పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో ఒకదాన్నుంచి ఏవేవి తెలుస్తాయో ఆ జాబితాలు, అవే క్లోజర్లు, వేసుకుంటూ కూర్చున్నాను. ఏ నుంచి బీ తెలుస్తుంది, బీ నుంచి సీ తెలుస్తుంది, అంటే ఏ ఒక్కటి ఉంటే మూడూ చేతికొచ్చినట్టే. ఇంత చిన్న సంగతి నాలుగు పేజీలు కొట్టేశాకగానీ తలకెక్కలేదు. 11:40కి సబ్మిట్ కొట్టాను. మార్కులు గడువు దాటాకే కనపడతాయి, ఆ రాత్రి నిద్రెక్కడిది!

మా మేనల్లుడికి ఈ బాధ లేదు. ‘అత్తమ్మా, టెలిగ్రామ్ గ్రూపులో జవాబులన్నీ వస్తాయి, ఎందుకంత టెన్షన్’ అనేవాడు. నిజమే, బుధవారం సాయంత్రానికి గ్రూపులో అన్నీ తిరుగుతుంటాయి. నాకూ ఒకసారి పంపాడు. చూశాను, అబద్ధమెందుకు. అందులో రెండు తప్పులున్నాయి.

పరీక్ష వరంగల్‌లో, కంప్యూటర్ ముందు మూడు గంటలు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. అయితే పరీక్షలో విడిగా 30 తెచ్చుకోవాలి. నాకు 19, 44, మొత్తం 63. 60 దాటితే ‘ఎలైట్’ అని వేస్తారు, మా ఆయన ప్రింటు తీయించి ఫ్రిజ్ మీద అంటించాడు. మా మేనల్లుడికి అసైన్‌మెంట్లలో 24. పరీక్షలో 26. కలిపితే 50, అయినా ఫెయిల్.

ఉద్యోగం ఇంకా రాలేదు. సర్టిఫికెట్ చూపిస్తే ఎవరూ పిలిచి ఇవ్వరు, ఆ ఆశతో చేరొద్దు. పగలంతా పని ఉండి, ఎవరో ఒకరు వెనకపడి అడిగితేగానీ పుస్తకం తీయని నాలాంటివాళ్లకైతే ఇది సరిపోతుంది. పూర్తిగా మీ వీలునుబట్టి చదవాలంటే మాత్రం ఆ బుధవారాలు ఊపిరాడనివ్వవు.

జూలైలో ఇంకో కోర్సుకు పేరిస్తున్నాను. మా మేనల్లుడు కూడా మళ్లీ డీబీఎంఎస్ రాస్తానంటున్నాడు. గ్రూపులోంచి బయటికి వచ్చావా అంటే, వాల్‌పేపర్లు బాగా పెడతారు అత్తమ్మా, అందుకే ఉన్నా అన్నాడు.