టవర్ ఆఫ్ పవర్: 1973 ఆల్బమా, స్వర్ణోత్సవ కచేరీయా?

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఎమిలియో కాస్టిల్లో, స్టీఫెన్ కుప్కా 1968లో మొదలుపెట్టిన సోల్, ఫంక్ అనే అమెరికన్ సంగీత శైలుల బృందమిది. కొత్తగా వినేవారు ముందుగా ఏది అందుకోవాలి? బృందం పేరుతోనే వచ్చిన 1973 ఆల్బమా, 2018లో సొంత ఊరి ఫాక్స్ థియేటర్‌లో రికార్డు చేసి 2021లో విడుదల చేసిన కచేరీయా?

సమయం: ఆల్బమ్‌లో పదే పాటలు, సాయంత్రం నడక ముగిసేలోగా అయిపోతాయి. కచేరీకి ఒక రాత్రి కేటాయించాలి.

ఖర్చు: డిస్కులు కొనేవారికి కచేరీయే భారం. అంతకు మించి తేడా లేదు.

వినికిడి: ఇక్కడ నా మనసు పూర్తిగా ఆల్బమ్ వైపే. ‘వాట్ ఈజ్ హిప్’ను హెడ్‌ఫోన్‌తో వినండి. రోకో ప్రెస్టియా బేస్ గిటార్ స్వరాలను మోగీ మోగకముందే వేళ్లతో అణచివేస్తాడు. డేవిడ్ గారిబాల్డి డ్రమ్స్ ఆ సందుల్లోంచి నడుస్తాయి. అడుగున కుప్కా బారిటోన్ శాక్సఫోన్ గుండెకు తగులుతుంది. ఇదంతా విడివిడిగా వినిపించే స్పష్టత ఏ వేదిక మీదా దొరకదు.

చిక్కు: ఆల్బమ్‌లో పాడిన లెన్నీ విలియమ్స్ గొంతుకు అలవాటుపడితే, తర్వాతి గాయకులు ఓ పట్టాన నచ్చరు. కచేరీలోనేమో పాటలు ముందే తెలియకపోతే పాత సభ్యులు వేదికెక్కినప్పటి ఆ ఉద్వేగం అందదు.

వాయిద్యం నేర్చుకుంటున్నవారికి, తొలిసారి వినేవారికి 1973 ఆల్బమ్. పాటలు ఇప్పటికే నోటికి వచ్చినవారికి, నలుగురితో కలిసి వినేవారికి ఫాక్స్ థియేటర్ కచేరీ.