ఏటి గట్టున విల్లా: ఆరేళ్ల కాపురం తర్వాత

2019 వేసవిలో తిరుపతి బైరాగిపట్టెడలోని అద్దె ఇల్లు ఖాళీ చేసి, తిరుచానూరు దాటాక స్వర్ణముఖి అవతలి గట్టున ఉన్న విల్లాల్లో ఒకటి కొనుక్కుని వచ్చేశాం. "ఉత్తరాన నీళ్లు, ఆ వెనక ఏడుకొండలు. ఇంతకు మించిన వాస్తు ఎక్కడుంది సార్!" అన్నాడు అమ్మినాయన. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ నీళ్లేవీ అని నేను అడగలేదు. ఎదురుగా ఉన్నవి ఇసుక, సర్కారు తుమ్మ, నాలుగు గేదెలు. ఎండాకాలం కదా అని సరిపెట్టుకున్నాను.

బ్రోచరులో పెద్ద అక్షరాలతో 'నదీ దర్శనం' అని వేశారు. ఈ దర్శనానికి టోకెన్లు ఇవ్వరు, ఎదురుచూడటమే. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, శ్రీకాళహస్తి మీదుగా సముద్రంలో కలిసే ఈ ఏటికి ఈశాన్య రుతుపవనాలే దిక్కు. నేను చూసినంతలో ఏడాదికి నెలన్నర పారితే గొప్ప. మిగతా రోజుల్లో కుర్రాళ్లు అందులోనే క్రికెట్ ఆడుకుంటారు.

అసలు బాధ తాగునీటితో వచ్చింది. నది పక్కనే ఉన్నా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. గీజరు విప్పితే రాడ్డు చుట్టూ తెల్లటి పెచ్చు, వేలితో నొక్కితే సుద్దముక్కలా విరుగుతుంది. ఏప్రిల్ వచ్చిందంటే ట్యాంకర్లు. నెలనెలా కట్టే నిర్వహణ రుసుము మూడు వేలతో మొదలై ఆరున్నర వేలకు చేరింది, అందులో పెద్ద వాటా నీళ్లదే. మా ఇంట్లో పనిచేసే ఆమె పుట్టిందీ పెరిగిందీ ఈ గట్టు మీదే. ఒకరోజు ట్యాంకరు పైపు వైపు చూస్తూ, "చిన్నప్పుడు మా అమ్మ ఆ ఇసుకలో మోచేతి లోతున చెలమ తీస్తే తియ్యటి నీళ్లు ఊరేవమ్మా, బిందె మీద గుడ్డ కట్టి వడకట్టుకునేవాళ్లం" అని మా ఆవిడతో అంది. ఆ ఇసుక లారీలెక్కి వెళ్లిపోయింది. నీటిని పట్టి ఉంచేది ఇసుకే కదా. మా విల్లా స్లాబులో కూడా ఆ ఇసుక ఎంతో కొంత ఉండే ఉంటుంది, ఎవరిని తిట్టను?

ఇక 2021 నవంబరు. 18న మొదలైన వాన ఆగలేదు. ఎగువన ఉన్న కల్యాణి డ్యాం గేట్లు ఎత్తారన్న వార్త వచ్చింది. చీకటి పడేవేళకు కరెంటు పోయింది. టార్చి వేసి చూస్తే, ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండే ఇసుక చోటున ఎర్రటి నీళ్లు గుండ్రాలు తిరుగుతున్నాయి. అరటి బోదెలు, థర్మోకోల్ పళ్లేలు, ఒక నీలం రంగు డ్రమ్ము కొట్టుకుపోతున్నాయి. అన్నిటికన్నా భయపెట్టింది చప్పుడు, పక్కనే గూడ్సు రైలు ఆగకుండా వెళుతున్నట్టు. ప్రహరీ దగ్గర మూడో మెట్టు దాకా వచ్చి నిలిచింది. మర్నాడు తిరుచానూరు వైపు గట్టున ఒక ఇల్లు నిలువునా నదిలోకి ఒరిగిపోయిన వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. స్వర్ణముఖి మీద వంతెనలు దెబ్బతిన్నాయి. ఊళ్లోకి వెళ్లే దారి లేక మేం నాలుగు రోజులు పప్పు, ఊరగాయతో గడిపాం. నీళ్లు తీశాక గేటు దగ్గర జానెడు బురద. కావలి ముసలాయన గోడ మీద బొగ్గుతో గీత గీసి తేదీ వేశాడు. తర్వాత రంగులు వేయించినప్పుడు కమిటీ ఆ గీతను కూడా కప్పించేసింది. ఇంతకన్నా తెలివితక్కువ ఖర్చు మా కాలనీలో మరొకటి జరగలేదు.

అంత కష్టమైతే అమ్మేసి పోవచ్చుగా అని మా బావమరిది అంటాడు. ఆయన రాత్రిపూట మా మేడ ఎక్కి చూడలేదు. ఊరి దీపాలకు పైన, చీకట్లో వంకర్లు తిరుగుతూ ఘాట్ రోడ్డు వెలుగులు. వాన వెలిసిన ఉదయాన కొండలు ఎంత దగ్గరగా కనిపిస్తాయంటే చెట్లు లెక్కపెట్టవచ్చనిపిస్తుంది. ఏరు పారే ఆ కొద్ది వారాల్లో తెల్ల కొంగలు దిగుతాయి, కాఫీ చల్లారిపోయినా లేవబుద్ధి కాదు.

ఇరుగుపొరుగు మంచివాళ్లే, ఉన్నంతవరకు. ముప్ఫై రెండు విల్లాల్లో రాత్రి దీపం వెలిగేవి పంతొమ్మిది. మిగతావాళ్ల పిల్లలు అమెరికాలో, పెద్దలు ఆరు నెలలు అక్కడే. ఆటోవాళ్లు వంతెన దాటాలంటే రెట్టింపు అడుగుతారు. తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాల్లో పంచమీ తీర్థం రోజున కారు బయటికి తీయకపోవడమే మేలు.

కొనదలచినవాళ్లు మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి వచ్చి చూడండి. బోరు నీళ్లు మీరే నోట్లో పోసుకోండి. 2021లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కమిటీని కాదు, కావలి ముసలాయనను అడగండి.

మా పక్క విల్లా ఇప్పుడు అమ్మకానికి ఉంది. ప్రకటనలో నిండుగా పారుతున్న నది ఫొటో పెట్టారు. కాస్త పెద్దది చేసి చూస్తే మూలన మా మెట్లు కనిపిస్తాయి, రెండే పైకి ఉన్నాయి.