బాపు ఏడు నెలలున్న హోమ్: పగలొక తీరు, రాత్రొక తీరు

పోయిన ఆగస్టులో బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్కసారే పడిపోయినయి. ఆస్పత్రిలో పన్నెండు రోజులుంచుకొని డిశ్చార్జి చేసేనాటికి ముక్కు పైపు, యూరిన్ పైపు అట్లనే ఉన్నయి. మాది వరంగల్ కొత్తవాడ, రెండు గదుల ఇల్లు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకూ తమ్మునికీ ఉద్యోగాలు. మొదటి మూడు నెలల్లో ఎంత కసరత్తు చేయిస్తే అంత మేలని డాక్టర్ చెప్పిండు. ఇంట్ల ఉంచుకుంటే అది కాని పని. అందుకే హన్మకొండలో ఒక నర్సింగ్, రిహాబ్ హోమ్‌లో చేర్పించినం. మార్చి దాకా అక్కడే ఉన్నడు. హోమ్ పేరు రాస్తలేను. ఇట్లాంటి హోమ్ వెతుక్కునేటోళ్లు ఏమేం చూసుకోవాల్నో చెప్తే చాలు.

ముందు ఫిజియోథెరపీ గురించి. దానికి నేను నూటికి నూరు మార్కులిస్త. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆదివారం తప్ప ఏ రోజూ ఎగ్గొట్టలేదు. చేరిన మూడో రోజు ఒక వార్డ్ బాయ్ బాపును పడిపోయిన చెయ్యి పట్టుకొని గుంజి లేపబోయిండు. ఫిజియోథెరపిస్ట్ ఉరికొచ్చి ఆపింది. "ఆ చెయ్యి పట్టి లేపితే భుజం కీలు జారుతది, చంకల కింద కూడా పట్టొద్దు, వీపు వెనక, నడుం దగ్గర చేతులు పెట్టి లేపు" అని చేసి చూపించింది. ఆ ముక్కనే కాగితం మీద రాసి మంచం పైన గోడకు అంటించింది. మేమూ అప్పుడే నేర్చుకున్నం, ఆస్పత్రిలో మాకెవ్వరూ చెప్పలేదు.

ఒకరోజు "బాపు ఏం పని చేసేటోడు?" అని ఆమె నన్ను అడిగింది. నలభై ఏండ్లు మగ్గం మీద జంపఖానలు నేసిండని చెప్పిన. (2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చిన వరంగల్ జంపఖానలే.) "అయితే కండెలు, ఇంత నూలు తెచ్చియ్యండి" అన్నది. (కండె అంటే నేతపనిలో దారం చుట్టే గొట్టం.) మరునాటి నుంచి చేతి కసరత్తుకు ఇచ్చే రబ్బరు బంతి పక్కకు పోయింది. బాపు కుడి చేతి వేళ్లను తన వేళ్లతో మూసి, కండె పట్టించి, ఎడమ చేత్తో దారం చుట్టించేది. అక్టోబరులో, బతుకమ్మకు ముందర, నేను పక్కనే కూసున్న. దారం పుటుక్కున తెగింది. బాపు కండె దిక్కు చూసి "తెగింది" అన్నడు. రెండు నెలల్లో ఆయన నోటి నుంచి అర్థమయ్యే మాట రావడం అదే మొదలు. నేను బయటికి పోయి గోడకానుకొని ఏడ్చిన.

మింగుడు విషయంలో కూడా తొందరపడలేదు. స్పీచ్ థెరపిస్ట్ వారానికి రెండు రోజులొచ్చేది. మింగుడు పరీక్ష చేసినంకనే ముక్కు పైపు తీయించింది. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు నీళ్లల్ల చిక్కబరిచే పొడి కలిపి, గడ్డం ఛాతీ దిక్కు వంచమని చెప్పి, చెంచాతోనే తాగించిన్రు. చాయ కోసం బాపు కొట్లాడినా ఇయ్యలేదు. పైపుతో పోసినన్ని రోజులు ఒక్క పూట కూడా పడుకోబెట్టి పొయ్యలేదు. మంచం తలవైపు ఎత్తి పోసి, అయిపోయినంక అరగంట అట్లనే ఉంచేటోళ్లు.

ఇగ రాత్రి సంగతి. నవంబర్‌లో ఆఫీసు పని మీద హైదరాబాద్ పోయి, అర్ధరాత్రి కాజీపేటలో రైలు దిగిన. ఇంటికి పోకుండ సీదా హోమ్‌కు పోయిన. వాచ్‌మన్ గేటు తీసేసరికి ఒంటిగంట. రెండు గంటలకోసారి బాపును పక్కకు తిప్పి సంతకం పెట్టే కాగితం మంచం కాళ్ల దగ్గర వేలాడుతుంటది. అండ్ల రెండు గంటల సంతకం, నాలుగు గంటల సంతకం అప్పుడే పెట్టేసి ఉన్నయి. వీపు కింద చెయ్యి పెట్టి చూసిన, దుప్పటి తడి. పక్కకు తిప్పితే నడుం కింద, తోకెముక మీద, రూపాయి బిళ్లంత తోలు ఊడి ఎర్రగ కనబడ్డది. పుండ్లు పడకుండ వేసే గాలి పరుపు నడుస్తనే ఉన్నది. గాలి పరుపుంటే తిప్పాల్సిన పని లేదని వాళ్లనుకున్నరు, నిజానికి మేము కూడా అంతే అనుకున్నం. పరుపున్నా మనిషిని తిప్పాల్సిందే.

ఆ రాత్రి పద్దెనిమిది మందికి ఇద్దరే ఉన్నరు, పన్నెండు గంటల డ్యూటీ. నాకు కోపం వచ్చింది వాళ్ల మీద కాదు, అంత తక్కువ మందిని పెట్టినోళ్ల మీద. పొద్దున మేనేజర్‌కు ఆ కాగితం ఫొటో చూపించిన. వినకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేద్దామనే అనుకున్న. కానీ ఆయన వాదించలేదు. వారం లోపల రాత్రికి ఇంకో ఆయమ్మను పెట్టిండు, పుండుకు రోజూ డ్రెస్సింగ్ చేయించిండు, దానికి పైసలు తీసుకోలేదు. మానడానికి ఏడు వారాలు పట్టింది. బాపుకు అన్ని వారాల నొప్పి.

కొత్తగ వచ్చిన ఆయమ్మది పరకాల దిక్కు. రాత్రి తిప్పేటప్పుడు "బాపూ, ఇటు తిరుగుతున్నం, భయపడకు" అని చెప్పి తిప్పేది. డైపర్ మార్చేటప్పుడు తప్పకుండ తెర లాగేది. మాట రాని మనిషికి కూడా సిగ్గుంటదని ఆమెకు ఎవరో నేర్పితే వచ్చింది కాదు.

పైసల విషయం: నెలకు 30 వేలు అని చెప్పిన్రు. డైపర్లు, మందులు, స్పీచ్ థెరపీ కలిపి 41 వేల దాకా అయింది. చేర్చేటప్పుడే దేనికెంతో రాయించుకోవాలె, మేము రాయించుకోలేదు. తిండి పర్వాలేదు, మెత్తగ వండిన అన్నం, పప్పు, ఉప్పు తక్కువ. లుంగీలు మూడు పోయినయి.

ఇప్పుడు బాపు కర్ర పట్టుకొని వాకిట్లోకి పోతడు. కుడి చెయ్యి సగమే వచ్చింది. మళ్లీ అవసరం పడితే ఆ హోమ్‌కే తీసుకపోత. కానీ మొదటి నెల రాత్రిళ్లు నేనో తమ్ముడో అక్కడ పండుకుంటం, దానికి వాళ్లు ఒప్పుకోకపోతే చేర్పించం.