ఖాళీగా మిగిలే గడి: తల్లుల ప్రార్థనా దినచర్య పుస్తకం, ఏడాది వాడిన తరువాత

క్రైస్తవ తల్లుల కోసం ప్రత్యేకంగా రూపొందించిన ఒక ప్రార్థనా దినచర్య పుస్తకాన్ని కిందటి సంవత్సరం మొదటి వారం నుంచి చివరి వారం వరకు వదలకుండా వాడాను. మెచ్చుకోవలసినవీ, గట్టిగా తప్పుపట్టవలసినవీ రెండూ ఇందులో ఉన్నాయి కాబట్టి, ప్రచురణకర్తల పేరు ఎత్తకుండా పుస్తకం గురించి మాత్రమే రాస్తున్నాను. ఇలాంటి పుస్తకాలలో ఏది కొనాలో తేల్చుకోవడానికి అట్ట మీది బొమ్మా, వెనుక అట్టపై రాసిన నాలుగు మాటలూ చాలవు. తల్లి విశ్వాసమంటే ఆ పుస్తకం దృష్టిలో ఏమిటో, ఓర్పు అనే మాటను అది ఏ అర్థంలో వాడుతోందో చూడాలి. నేను ఈ పుస్తకాన్ని తూచింది ఆ తక్కెడలోనే.

ముందుగా పుస్తకం రూపం గురించి చెబుతాను. మొత్తం 224 పేజీలు. మొదటి 16 పేజీలలో ముందుమాట, వాడుకునే విధానం ఉన్నాయి. ఆ తరువాత 52 వారాలకు వారానికి నాలుగు పేజీలు చొప్పున కేటాయించారు. ఒక పేజీలో వాక్యభాగం, దానిపై చిన్న ధ్యానం. రెండు పేజీలలో రోజువారీగా రాసుకోవడానికి గీతలు. నాలుగో పేజీలో ఒక పట్టిక. పట్టికలో మూడు గడులు: తేదీ, విన్నపం, జవాబు దొరికిన తేదీ. కాగితం మందంగా ఉంది, సిరా వెనుకకు దిగదు. ఫారాలను, అంటే మడిచిన కాగితాల కట్టలను, దారంతో కుట్టినందువల్ల పుస్తకం బల్లపరుపుగా తెరుచుకుంటుంది. ఒక చేత్తో బిడ్డను పట్టుకుని మరో చేత్తో రాసుకునే తల్లికి ఇది చిన్న సౌకర్యమేమీ కాదు. అక్షరాలు మాత్రం మరీ సన్నగా ఉన్నాయి. రాత్రి పడకదీపం వెలుగులో ధ్యానం పేజీ చదవడం కష్టం. తల్లులకు చదువుకునే సమయం దొరికేది ఎప్పుడో ఆలోచించినవారు ఆ పరిమాణంలో ముద్రించరు.

ధ్యానాలలో నాకు అన్నింటికన్నా నచ్చింది, కొడుకు పుడితే దేవునికే అప్పగిస్తానని మొక్కుకున్న హన్నా గురించిన మూడు వారాలు. హన్నా అనగానే మనం వినే ప్రసంగాలలో చాలామటుకు ఆమె కన్నీటి ప్రార్థన దగ్గర మొదలై, సమూయేలు పుట్టుకతో ముగిసిపోతాయి. ఈ పుస్తకం అక్కడ ఆగలేదు. సమూయేలు మొదటి గ్రంథం రెండో అధ్యాయంలో ఆమె ఏటేటా చిన్న అంగీ ఒకటి కుట్టి, బలి అర్పించడానికి వచ్చినప్పుడు కుమారునికి తెచ్చి ఇచ్చేదని ఒక్క వచనం ఉంది. ఆ వచనానికి ఒక వారం మొత్తం ఇచ్చారు. ఏడాదిలో బిడ్డ ఎంత ఎదిగి ఉంటాడో కళ్ళతో చూడని తల్లి, కొలత లేకుండా, ఊహతోనే గుడ్డ కత్తిరించి ఉంటుందని ఆ ధ్యానం చెబుతుంది. నేను కుట్టుపని తెలిసినదాన్ని కాబట్టి ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. భుజం దగ్గర ఎంత వదులు పెట్టాలి, చేతుల పొడవు ఎంత ఉంచాలి అని ఆమె ప్రతి సంవత్సరం ఆలోచించి ఉంటుంది. పైగా ఆమె బిడ్డను అప్పగించి వచ్చిన యాజకుడు ఏలీ ఇల్లు ఆదర్శప్రాయమైన ఇల్లేమీ కాదు. అదే అధ్యాయం ఏలీ కుమారులను దుర్మార్గులని స్పష్టంగా చెబుతుంది. అటువంటి చోట పసివాణ్ణి విడిచి, మొక్కుబడికి కట్టుబడి, సంవత్సరం తరువాత సంవత్సరం అంగీ కుట్టడమే ఓర్పు. పుస్తకం ఈ విషయాన్ని నెమ్మదిగా, తొందరపడకుండా విప్పి చూపించింది.

రిస్పా గురించి రాసిన వారం కూడా అంతే బలంగా ఉంది. సమూయేలు రెండో గ్రంథం 21వ అధ్యాయంలోని ఈ తల్లి గురించి నేను ఏ స్త్రీల కూడికలోనూ వినలేదు. సౌలు రాజు వంశంలో ఉరితీయబడిన ఏడుగురిలో ఇద్దరు ఆమె కుమారులు. కోతకాలం మొదలైనప్పటి నుంచి వాన పడేవరకు ఆమె బండమీద గోనెపట్ట పరుచుకుని కూర్చుని, పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను ఆ శవాల మీదికి రానివ్వలేదు. ఆమె ప్రార్థించిందని గాని, ఆమెకు ఓదార్పు దొరికిందని గాని లేఖనం చెప్పదు. ఆమె చేసిన పని దావీదు రాజు చెవిన పడింది. వారి ఎముకలను ఏరించి, సౌలు, యోనాతానుల ఎముకలను తెప్పించి సమాధి చేయించాడు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులకు చెప్పడానికి మాటలు లేనప్పుడు ఈ అధ్యాయాన్ని తెరిచి పక్కన కూర్చోవచ్చని ధ్యానం రాసినవారు సూచించారు. నిజానికి గర్భస్రావం, శిశుమరణం గురించి పుస్తకం మొత్తంలో ఇదొక్కటే వారం. అది చాలదు. అయినా ఆ ఒక్క వారాన్ని నిజాయితీగా రాశారు.

మధ్యరాత్రి ప్రార్థనల పేజీలు మరో మేలు. నా చిన్నకూతురికి ఆయాసం. చలి ముదిరిన రోజులలో రాత్రి రెండు గంటలకు లేచి దాన్ని నిటారుగా నా గుండెకు ఆనించుకుని, వీపు మీద అరచేయి ఉంచి, ఊపిరి ఎగశ్వాస నుంచి మామూలుకు వచ్చేవరకు కూర్చోవలసి వస్తుంది. అటువంటి వేళ పెద్ద ప్రార్థనలు నోటికి రావు. ఈ పుస్తకంలో కీర్తనల నుంచి తీసుకున్న ఒక్కో వాక్యం ప్రార్థనలు, ఒక ఊపిరిలో చెప్పుకోగలిగినవి, వారానికొకటి ఉన్నాయి. 13వ కీర్తన ఉన్న వారం నాకు బాగా గుర్తుంది. హెబ్రీ మూలంలో మొదటి రెండు వచనాలలోనే ‘ఎంతకాలం’ అనే ప్రశ్న నాలుగుసార్లు వస్తుందని అక్కడ రాశారు. అలా అడగడం అవిశ్వాసమని నేను చిన్నప్పటి నుంచి అనుకున్నాను. చిన్నదాన్ని ఒడిలో పెట్టుకుని, దాని ఊపిరితో పాటు నేనూ ఆ ప్రశ్న నాలుగుసార్లు అడిగాను. అడిగినందుకు భయం కలగలేదు.

ఇక తప్పుపట్టవలసినవి. సామెతలు 22వ అధ్యాయం ఆరో వచనం, అంటే బాలుడు నడవవలసిన త్రోవను నేర్పితే పెద్దవాడైనప్పుడు దాని నుంచి తొలగిపోడన్న మాట, ఈ పుస్తకంలో మూడు చోట్ల హామీ పత్రంలాగా వాడారు. సరిగ్గా నేర్పిన తల్లి బిడ్డ తప్పిపోడని, తప్పిపోయాడంటే నేర్పడంలో లోపం ఉందని చదివేవారికి అర్థమయ్యేలా రాశారు. సామెత అంటే జీవితంలో సాధారణంగా జరిగేదాన్ని చెప్పే మాట, ఒప్పందం కాదు. అదే గ్రంథం పదో అధ్యాయం మొదటి వచనంలోనే బుద్ధిలేని కుమారుడు తల్లికి దుఃఖం పుట్టిస్తాడని ఉంది. ఆ తల్లి నేర్పలేదని ఆ వచనం ఎక్కడా అనలేదు. నా పెద్దకొడుకుకు పదిహేడేళ్ళు. ఒకటిన్నర సంవత్సరంగా ఆరాధనకు రావడం లేదు. వాడికి వాక్యం నేర్పిన సాయంత్రాలు నాకు తెలుసు, వాడికీ తెలుసు. మొదటిసారి ఆ ధ్యానం చదివినప్పుడు నేను పుస్తకం మూసి నాలుగు రోజులు తెరవలేదు. ఇప్పటికే భారం మోస్తున్న తల్లుల నెత్తిన మరో మూట పెట్టకూడదన్న జాగ్రత్త సంపాదకులకు ఉండవలసింది.

సామెతలు 31వ అధ్యాయం విషయంలోనూ ఇదే ధోరణి. పదో వచనం నుంచి ముప్పైయొకటో వచనం వరకు ఉన్న ఆ పద్యంలోని 22 వచనాలు హెబ్రీ వర్ణమాలలోని 22 అక్షరాలతో వరుసగా మొదలవుతాయి. మన భాషలో అకారాది క్రమంలో పద్యాలు అల్లినట్టు. లెమూయేలు రాజుకు అతని తల్లి నేర్పిన మాటలని ఆ అధ్యాయం ఆరంభమవుతుంది. అంటే గుణవతిని కీర్తించే ఒక జీవితకాలపు చిత్రం అది. దాన్ని ఈ పుస్తకం ఉదయం నాలుగు గంటల నుంచి మొదలయ్యే పనుల పట్టికగా మార్చేసింది. చీకటితోనే లేచే ఆ స్త్రీ గురించి చెప్పిన పదిహేనో వచనంలోనే ఆమెకు పనికత్తెలు ఉన్నారన్న సంగతిని మాత్రం వదిలేసింది. ఒంటరిగా పిల్లలను పెంచుకునే తల్లి ఆ నాలుగు పేజీలు దాటేసినా నష్టపోయేది ఏమీ లేదు.

మెథడిస్టు ఉద్యమాన్ని ఆరంభించిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీకి ఇచ్చిన వారం పర్వాలేదు. 1669లో పుట్టి 1742లో మరణించిన ఆమె 19 మంది పిల్లలను కన్నది. వారిలో పదిమందే పెరిగి పెద్దవారయ్యారు. వారంలో ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడేదని, గురువారం సాయంత్రం జాన్‌దని చెప్పిన భాగం ఆచరించదగినది. నేను ఆచరించాను కూడా. మిగిలినదంతా పొగడ్త.

మోనికా ధ్యానం గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. ఈ పుస్తకం అతి పెద్ద అవకాశాన్ని పోగొట్టుకున్నది అక్కడే. తరువాత ప్రసిద్ధ క్రైస్తవ వేదాంతి అయిన కొడుకు అగస్టీన్ కోసం తల్లి ఏళ్ళ తరబడి ఏడ్చి ప్రార్థించిందని, అతడు మారుమనస్సు పొందాడని అరపేజీలో ముగించారు. మధ్యలో జరిగింది చెప్పలేదు. అగస్టీన్ తన తల్లి విశ్వాసాన్ని విడిచి సుమారు తొమ్మిదేళ్ళు మానీ అనే పారసీక బోధకుడు స్థాపించిన మతాన్ని అనుసరించాడు. 383లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నుంచి రోముకు బయలుదేరినప్పుడు ఆమె వెళ్ళవద్దని పట్టుకుని ఏడ్చింది. స్నేహితుణ్ణి సాగనంపి వస్తానని అబద్ధం చెప్పి, ఆమె రేవు పక్కనే హతసాక్షి సిప్రియన్ జ్ఞాపకార్థ మందిరంలో ప్రార్థనలో ఉండగా, అతడు రాత్రికి రాత్రే ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. తెల్లవారి రేవు ఖాళీగా కనిపించింది. ఆమె ఆ రాత్రి అడిగింది కొడుకు ఆ ఓడ ఎక్కకూడదనే. తరువాత అతడు ఇటలీలోని మిలాను చేరాడు, ఆమె సముద్రం దాటి వెంట వెళ్ళింది, అక్కడి బిషప్పు అంబ్రోసు ప్రసంగాలు విన్నాడు, 387 ఈస్టరు వేళ ఆ బిషప్పు చేతనే బాప్తిస్మం పొందాడు. అదే సంవత్సరం తిరుగు ప్రయాణంలో, రోము రేవుపట్టణమైన ఓస్టియాలో, 56 ఏళ్ళ వయసులో మోనికా కన్నుమూసింది. తల్లి ఎప్పుడూ అడుగుతున్నదాన్ని ఇవ్వడానికే ఆ రాత్రి అడిగినదాన్ని దేవుడు ఇవ్వలేదని అగస్టీన్ తరువాత తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఈ సంగతి ఆ పుస్తకంలో లేదు. నేను వేరే చోట చదివి తెలుసుకున్నాను. తెలుసుకున్న తరువాత నాలుగో పేజీలోని ఆ పట్టికను చూసే తీరే మారింది. ‘జవాబు దొరికిన తేదీ’ అనే మూడో గడి ఈ పుస్తకంలో నన్ను ఎక్కువగా నొప్పించిన భాగం. చిన్నదాని జ్వరం తగ్గిన తేదీ, పోయిన కాగితాలు దొరికిన తేదీ, చెల్లెలి కాన్పు క్షేమంగా జరిగిన తేదీ అందులో రాశాను. కొడుకు విన్నపం మాత్రం ప్రతి వారం మొదటి వరుసలో రాసి, పక్క గడి ఖాళీగా వదిలాను. వారాలు గడిచేకొద్దీ ఆ ఖాళీ గడి నన్ను నిలదీస్తున్నట్టు ఉండేది. ఆ రాత్రి మోనికా దగ్గర ఇటువంటి పట్టికే ఉండి ఉంటే ఆ గడిలో ఏమి రాసి ఉండేది? పదిహేనో అధ్యాయంలో మత్తయి చెప్పిన కనాను స్త్రీ కూతురి కోసం కేక వేసినప్పుడు యేసు మొదట ఒక్క మాటైనా బదులివ్వలేదు. ఆ క్షణానికి ఏ తేదీ వేస్తుంది? ప్రచురణకర్తలు ఆ గడి శీర్షికను మార్చాలని నా గట్టి అభిప్రాయం. ‘ఈ వారం చూసినది’ అని పెట్టినా చాలు.

నా పుస్తకంలో నేనే మార్చుకున్నాను. 33వ వారం నుంచి ముద్రించిన శీర్షికను పెన్సిల్‌తో కొట్టేసి, కొడుకు పేరు పక్కన తేదీకి బదులు ఆ వారం కంటబడిన ఒక సంగతి రాయడం మొదలుపెట్టాను. 41వ వారంలో ఇలా ఉంది: “రాత్రి చెల్లికి ఆయాసం వస్తే నన్ను లేపకుండా తానే ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇన్‌హేలర్ పట్టాడు. నేను తలుపు దగ్గర నుంచి చూశాను.” దాన్ని జవాబు అనడం లేదు. వాడు ఇంకా ఆరాధనకు రావడం లేదు. కానీ ఆ గడి ఖాళీగా లేదు.

33వ వారం అన్నది ఊరికే కాదు. నాకు మొదట వచ్చిన ప్రతిలో 129వ పేజీ నుంచి 144వ పేజీ వరకు, అంటే 29 నుంచి 32 వరకు వారాలున్న ఒక ఫారం మొత్తం లేదు. దాని స్థానంలో అంతకుముందున్న ఫారాన్నే రెండోసారి కుట్టారు. ప్రచురణకర్తలకు రాస్తే మూడు వారాల తరువాత బదులు వచ్చింది. క్షమాపణ చెప్పి, కొత్త ప్రతి ఉచితంగా పంపారు, పాతదాన్ని తిరిగి అడగలేదు. మర్యాదగానే వ్యవహరించారు కాని, వారం వారం క్రమంగా సాగవలసిన పుస్తకాన్ని పంపేముందు ఒకసారి పేజీలు తిప్పి చూడవలసింది. ఆ నాలుగు వారాలూ మామూలు నోటుపుస్తకంలో రాసుకున్నాను.

చంటిబిడ్డల తల్లులకు వారానికి నాలుగు పేజీలు ఎక్కువే. వారు మధ్యరాత్రి ప్రార్థనల వరకే వాడుకున్నా పుస్తకం పనికివస్తుంది. ఎదిగిన పిల్లలున్న తల్లులు హన్నా, రిస్పా వారాలతో మొదలుపెట్టి, హామీలిచ్చే ధ్యానాలను దాటి వెళ్ళమని చెబుతాను. పేజీలకు తేదీలు ముద్రించలేదు కాబట్టి సంవత్సరం మధ్యలో కొన్నా, కొన్ని వారాలు ఆగిపోయినా ఇబ్బంది లేదు. ఈ లోపాలన్నీ తెలిసే నేను ఈ సంవత్సరానికి కూడా అదే పుస్తకం తెప్పించుకున్నాను. వచ్చిన రోజున ముందు 129వ పేజీ తెరిచి చూశాను. అన్ని వారాలూ ఉన్నాయి. తరువాత మొదటి వారం పట్టికలో, మొదటి వరుసలో, వాడి పేరు రాశాను.